వంత పాడటం వేరు, వంత అడగటం వేరు: సైన్సు చెవికెక్కేది ఎప్పుడు?

2024 సెప్టెంబరు 2న విజయవాడ కృష్ణలంక నుంచి మా పిన్ని ఫోను చేసింది. ఎదురుగా టీవీ నడుస్తోంది. "పదకొండు లక్షల నలభై మూడు వేల క్యూసెక్కులట. అది ఎక్కువేనా నాన్నా?" అని అడిగింది. ఎక్కువేనన్నాను. ప్రకాశం బ్యారేజీ పుట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదన్నాను. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లని చెప్పి, లెక్క కట్టి మరీ, సెకనుకు 3 కోట్ల 20 లక్షల లీటర్లకు పైగా బ్యారేజీ దాటుతున్నాయని వివరించాను. ఓపిగ్గా అంతా విని, "సరే గానీ, గోడ దాటుతుందా?" అంది.

ఆ ప్రశ్నకు నా లెక్కలో జవాబు లేదు. ఎంత నీరు పోతోందో క్యూసెక్కులు చెబుతాయి. కృష్ణలంక రిటైనింగ్ వాల్‌ను నీరు దాటేదీ లేనిదీ తెలియాలంటే నీటిమట్టం కావాలి. ఆమె అడగని ప్రశ్నకు సరైన జవాబు చెప్పి, అడిగిన ప్రశ్నను గాలికి వదిలేశాను. చివరికి పిన్ని వాళ్ల వీధిని ఆ గోడే కాపాడింది. కృష్ణ కనిపించనైనా కనిపించని సింగ్ నగర్ మాత్రం బుడమేరు వాగు నీళ్లలో రోజుల తరబడి నానింది. ఊరంతా ఊపిరి బిగబట్టి చూసిన పెద్ద అంకె ఒక చోటిది, మునిగిన మనుషులు ఇంకో చోట.

ఇప్పుడు ఫోను తెరిస్తే తెలుగులో సైన్సు చెప్పే గొంతులు చాలానే వినబడుతున్నాయి. వాతావరణం, ఆరోగ్యం, అంతరిక్షం, పంటల తెగుళ్లు, ఏదైనా సరే "మీకు కథలా చెబుతాం" అన్నది అందరి హామీ. కథలా చెబితే సైన్సు అర్థమవుతుందా, లేక కథ ఒక్కటే మిగులుతుందా? శాస్త్రవేత్తలకూ సమాచార రంగం వాళ్లకూ మధ్య ఏళ్లుగా నలుగుతున్న తగవు ఇది. చిక్కు ఎక్కడుందో చూద్దాం.

పాడ్‌కాస్ట్ అంటే ఏది, కథ అంటే ఏది

పాడ్‌కాస్ట్ అంటే మనకు తీరినప్పుడు వినడానికి భాగాలు భాగాలుగా దాచిపెట్టిన మాట. 2004లో బెన్ హామర్‌స్లీ అనే పాత్రికేయుడు గార్డియన్ పత్రికలో రాస్తూ, ఈ కొత్త వ్యవహారాన్ని ఏమని పిలవాలని రెండు మూడు పేర్లు ప్రశ్నార్థకాలతో విసిరాడు. ఐపాడ్‌ను, బ్రాడ్‌కాస్ట్‌ను అతికించిన పేరు నిలిచింది. ఐపాడ్ పోయింది, పేరు ఉండిపోయింది. ఇద్దరు మనుషులు, రెండు కుర్చీలు, రెండు మైకులు ఉన్న రెండు గంటల వీడియోను కూడా ఇప్పుడు పాడ్‌కాస్టనే అంటున్నారు. ఈ వ్యాసంలో ఆ మాటను చెవితో వినే వాటికే వాడుతున్నాను.

రేడియోకూ దీనికీ తేడా ఉంది. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైనప్పటి నుంచి మన వైపు ఇళ్లలో రేడియో పదిమంది కలిసి వినే వస్తువు. దాని వేళకు అది వచ్చేది, మనం పనులు సర్దుకునేవాళ్లం. పాడ్‌కాస్టును ఒక్కరే వింటారు. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, వారధి దాటుతుండగా మొదలుపెడితే మంగళగిరి దగ్గర సగం. చెప్పేవాడు చెవిలో మాట్లాడుతున్నంత దగ్గర. రేడియోలో వార్తలు చదివే గొంతు ఇక్కడ అతకదు. పక్కింటి మనిషి గొంతు కావాలి. పక్కింటి మనిషి మీద పెట్టుకునే నమ్మకం కూడా దానితోపాటే వచ్చేస్తుంది. మేలూ అక్కడే, ప్రమాదమూ అక్కడే.

ఇక కథ. సైన్సు సందర్భంలో కథంటే కల్పన కాదు. ఎవరికో ఏదో కావాలి, దానికి ఏదో అడ్డం వచ్చింది, ఆ అడ్డం వల్ల ఏదో మారింది. ఇంతే. శాస్త్రవేత్తగా ఉండి సినిమాలవైపు వెళ్లిన ర్యాండీ ఆల్సన్ దీనికి సులువైన గుర్తు చెప్పాడు. వాక్యాలను "ఇదీ, ఇంకా అదీ" అంటూ పేర్చుకుంటూ పోతే జాబితా అవుతుంది. "కానీ", "అందుకని" పడితే కథ అవుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో "కానీ" ఎంత అరుదో ఒకసారి తిరగేసి చూడండి.

చెవికి వెనక్కి తిరిగే దారి లేదు

కాగితం మీద అర్థం కాని వాక్యాన్ని మళ్లీ చదువుతాం. వినేటప్పుడు అది కుదరదు. బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకున్న మనిషి ముప్పై సెకన్లు వెనక్కి జరిపి వింటాడని ఆశపడకూడదు. బొమ్మ లేదు, పట్టిక లేదు. కాగితం మీద అంకె కంటి ముందు నిలిచి ఉంటుంది. చెవిలో అది పడిన మరుక్షణం జారిపోతుంది.

కృష్ణ వరదనే తీసుకుందాం. 11.43 లక్షల క్యూసెక్కులను సెకనుకు ఇన్ని లీటర్లని చెప్పినా వినేవాడికి ఒరిగేది లేదు, కోట్ల లీటర్లను ఎవరూ చూడలేదు. టీఎంసీల్లోకి మారుద్దాం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ వేగం రోజంతా సాగితే దాదాపు 99 టీఎంసీలు అవుతుంది. బ్యారేజీలో పట్టే నీరు 3 టీఎంసీలకు కాస్త ఎక్కువ. అంటే ఖాళీ బ్యారేజీ గేట్లు మూసి ఉంచితే ఆ వరదకు ముప్పావు గంటలో నిండిపోతుంది. 312 టీఎంసీలు పట్టే నాగార్జునసాగర్ ఖాళీగా ఉంటే మూడు రోజుల చిల్లరలో నిండుతుంది. ఇన్ని లెక్కల్లో చెవిలో మిగిలేది "ముప్పావు గంట" ఒక్కటే. బ్యారేజీ మీద నడిచినవాడికి ఆ చెరువంత నీరు కళ్లకు కడుతుంది, ముప్పావు గంట ఎంతో అందరికీ తెలుసు. కాబట్టి ఆడియోలో చెప్పాల్సిన అంకె అదే, మిగతావి చెప్పేవాడి కాగితంలోనే ఉండాలి.

వానకూ ఇదే పద్ధతి. ఒక మిల్లీమీటరు వానంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. 200 మిల్లీమీటర్లు కురిస్తే వంద గజాల డాబా మీద 16,700 లీటర్లు పడ్డట్టు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు తెచ్చి మీ డాబా మీద గుమ్మరించారనుకోండి, ఇంకా కొంత మిగిలే ఉంటుంది. ఎండాకాలం ట్యాంకరు కోసం వీధిలో బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్లకు ఆ కొలత చేతులతో తెలుసు.

అయితే ముప్పావు గంట అన్న అందమైన పోలిక కూడా పిన్ని అడిగిన దానికి జవాబు కాదు. పోలిక ఎంత బాగా అతికినా, అది జవాబు చెప్పే ప్రశ్న వినేవాడిదేనా అన్నది విడిగా చూసుకోవాలి. ఈ తేడాను మరిచే పోలికల పోగులే మనకు ఎక్కువగా వినబడుతున్నాయి.

ఒకే మిరపకాయ, మూడు రకాలుగా

గుంటూరులో ఉండి మిరపకాయ మాట ఎత్తకపోతే తప్పవుతుంది. కారం ఎందుకు మండుతుందన్న విషయాన్ని ముందు పుస్తకం పద్ధతిలో చెప్పుకుందాం. "మిరపలోని క్యాప్సైసిన్ అనే రసాయనం నాడీకణాల పైపొరలో ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని ఉత్తేజపరచి ఉష్ణ సంవేదనను కలిగిస్తుంది." ఒక్క తప్పు లేదు. విన్నవాడికి ఒక్క ముక్క గుర్తుండదు.

రెండోది కథ పద్ధతి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్‌కు ఒక సంగతి తేలాలి. నొప్పిని, వేడిని నాడి ఎలా పసిగడుతుంది? వేడిని పట్టుకుని వెతకడం కష్టం. కానీ కారం కూడా వేడిలాగే మండుతుంది కదా, దాన్నే పట్టుకుంటే? అందుకని నాడీకణాల్లో పనిచేసే జన్యువుల ముక్కలను గుట్టగా సేకరించి, కారానికి ఏమాత్రం చలించని మామూలు కణాల్లోకి విడతలవారీగా ఎక్కించారు. ఒక ముక్క ఎక్కిన కణాలు కారానికి ఉలిక్కిపడ్డాయి. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీను వేడికీ ఉలిక్కిపడుతుందని తేలింది. అది 1997. 2021లో జూలియస్‌కు, స్పర్శ మీద పనిచేసిన ఆర్డెమ్ పాటపూటియన్‌తో కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఇది గుర్తుంటుంది. కానీ కథ ఏం మింగిందో చూడండి. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు మైకేల్ కాటెరీనాది. కథలో అతను కనపడడు, ఎందుకంటే కథకు ఒక్క హీరో చాలు. అంతకుముందు దశాబ్దాలుగా క్యాప్సైసిన్ మీద పనిచేసినవాళ్లూ కనపడరు. సైన్సు ఒకడి మెరుపులా మెరుస్తుందన్న అపోహ నోబెల్ కథ విన్న ప్రతిసారీ కాస్త బలపడుతుంది.

మూడోది సంభాషణ పద్ధతి. చెప్పేవాడు ఒకడు, అడిగేవాడు ఒకడు.

– మిరపకాయ కొరికితే నోరు మండుతుంది.

– మండుతుందంటే నిజంగా కాలుతుందా?

– కాలదు. కాలిందని మెదడుకు తప్పుడు కబురు వెళుతుంది. పొగలు కక్కే అన్నం నోట్లో పెట్టుకుంటే ఏ తలుపు తెరుచుకుంటుందో, మిరపకాయ కూడా అదే తలుపు తెరుస్తుంది.

– నాలుక మీద తలుపు ఉంటుందా?

– తలుపంటే నాడి చివర ఉండే ఒక ప్రొటీను. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకుంటుంది. మిరపలోని పదార్థం అంటుకుంటే ఆ వేడి లేకపోయినా తెరుచుకుంటుంది.

– మరి చిలక పచ్చిమిరపకాయను జామకాయలా కొరుక్కు తింటుంది?

– చిలకకూ ఆ తలుపు ఉంది. వేడికి తెరుచుకుంటుంది. మిరపకాయ తాళంచెవి మాత్రం దానికి పట్టదు.

– ఇదంతా సరే, ముందు నా నోరు చల్లబడాలి. నీళ్లు తాగనా?

– ఆ పదార్థం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పెరుగన్నం తిను.

సమాచారం చూస్తే పుస్తకంలో ఉన్నదాని కంటే ఎక్కువే ఉంది. అన్నిటికంటే విలువైనది "నాలుక మీద తలుపు ఉంటుందా?" అన్న ప్రశ్న. పోలికను చెప్పేవాడు మురిపెంగా వాడేసి ముందుకు వెళ్లిపోబోతుంటే అడిగేవాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ ఒక్క ఆపుతో తలుపు ఎంతవరకు పోలికో, ఎక్కడి నుంచి ప్రొటీనో తేలిపోయింది. అదే ప్రశ్న పడకపోతే నాలుక మీద బుల్లి తలుపులు ఉంటాయని నమ్మే పిల్లవాడు ఒకడైనా మిగులుతాడు.

బుర్రకథ వేదిక మీద మూడో మనిషి

ఈ అడిగే మనిషి మనకు కొత్తవాడు కాడు. బుర్రకథలో మధ్యన తంబురా పట్టుకుని కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్య వంత, ఇంకొకరు రాజకీయ వంత. "తందాన తాన" అనడం వాళ్ల పనిలో సగమే. కథకుడు పల్నాటి రణరంగంలో ఉండగా హాస్యం అడ్డం తగిలి, పక్కన కూర్చున్న పామరుడి సందేహాన్ని అడుగుతాడు. రాజకీయ వంత ఆ పాత సంగతిని ఈనాటి ఊరి సంగతితో ముడిపెడతాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ ఈ కళను ప్రజానాట్యమండలి వేదికల మీదికి తెచ్చి, పురాణాలకూ వీరగాథలకూ వాడిన పద్ధతినే నడుస్తున్న కాలం సమస్యలకు వాడారు. తర్వాత ప్రభుత్వాలు కుటుంబ నియంత్రణ ప్రచారానికీ బుర్రకథను పట్టుకున్నాయి.

వింతేమిటంటే, వాడుకలో "వంత పాడటం" అంటే ఎదుటివాడు ఏమన్నా ఔననడం అని స్థిరపడిపోయింది. వేదిక మీద వంత చేసేది ఔననడం, ఆపి అడగడం రెండూ. భాషలో మొదటిదే మిగిలింది. నేటి తెలుగు పాడ్‌కాస్టుల్లో కూడా, నా చెవికి, మొదటిదే ఎక్కువగా వినబడుతోంది. నిపుణుడు చెబుతుంటాడు, పక్కన కూర్చున్న వ్యక్తి "అవునా సార్, అద్భుతం సార్" అంటుంటాడు. ఇంకో రకంలో ఇద్దరు మిత్రులు తమకే తెలిసిన జోకులకు తామే పగలబడి నవ్వుకుంటారు. వినేవాడికి ఎవరి పెళ్లికో వెళ్లి, ఎవరూ పలకరించక, మూల కూర్చున్నట్టు ఉంటుంది.

చెప్పేవాడు ఒక్కడే ఉండి కూడా బాగా చెప్పలేడా? చెప్పగలడు, కానీ అతని దారిలో ఒక గుంట ఉంది. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేసింది. కొందరు అందరికీ తెలిసిన పాటను మనసులో అనుకుంటూ దాని లయను బల్ల మీద వేలితో కొట్టాలి, ఎదుటివాళ్లు పాటేదో చెప్పాలి. సగంమందైనా కనిపెడతారని కొట్టినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో మూడే దొరికాయి. కొట్టేవాడి తలలో పాట మోగుతూనే ఉంటుంది, వినేవాడికి టకటక తప్ప ఏమీ అందదు. విషయం తెలిసినవాడు తెలియనితనాన్ని ఊహించలేడు. వంత ఉండేది ఆ టకటకను బయటి చెవితో విని "ఇది పాట కాదు" అని చెప్పడానికి.

తెలిసిన మాటే తప్పుదారి పట్టిస్తే

"కఠినమైన పారిభాషిక పదాలు వద్దు, జనం మాట వాడండి." ఈ సలహా ఎవరైనా ఇస్తారు. కిరణజన్య సంయోగక్రియ లాంటి మాటను నోరు తిరిగేలా చెప్పడానికే ఒక పూట పడుతుందన్నది నిజమే. కానీ జనం మాటలోనూ ఒక ఉచ్చు ఉంది.

2021–22 పంటకాలంలో గుంటూరు, పల్నాడు మిరప తోటల మీద నల్ల తామరపురుగు విరుచుకుపడింది. ఆగ్నేయాసియా వైపు నుంచి వచ్చిన పురుగు ఇది. మన దేశంలో 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద మొదట గుర్తించారు. మిరప రైతుకు తామరపురుగు కొత్త కాదు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పై ముడత, అది తామరపురుగు పని. కిందికి ముడుచుకుంటే కింది ముడత, అది నల్లి పని. తరాలుగా ఆకు చూసి పురుగును చెప్పగల జ్ఞానం అది. వచ్చిన కొత్తది ఆకును చూసి చెప్పే రకం కాదు. పూలలో చేరింది, పూత రాలింది, కాయ నిలవలేదు. పేరు అదే అయ్యేసరికి పాత మందులే మళ్లీ మళ్లీ కొట్టారు. మందు మీద మందు కొట్టేకొద్దీ ఆ పురుగును తినే మిత్రపురుగులూ చచ్చాయి.

"తామరపురుగు ఉధృతి" అని ఆడియోలో చెబితే రైతుకు వెంటనే అర్థమవుతుంది, పాత పురుగు. "త్రిప్స్ పార్విస్పైనస్" అని కొత్తదాని శాస్త్రీయ నామం చెబితే ఏదీ అర్థం కాదు. అక్కడ పనికొచ్చే వాక్యం బహుశా "ఆకు చూడకండి, పువ్వు విప్పి దులిపి చూడండి" అన్నది. పేరు పెట్టడం కంటే చూపు మళ్లించడం ముఖ్యమైన సందర్భం అది.

వాన కబుర్లలో ఈ ఉచ్చు ఇంకా లోతు. "భారీ", "అతి భారీ", "అత్యంత భారీ" అని విన్నప్పుడు చెప్పేవాడి గొంతు పెరుగుతోందని అనుకుంటాం. వాతావరణ శాఖకు అవి మూడు డబ్బాలు. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు భారీ, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ. మన చెవికి "అతి", "అత్యంత" ఒకే దూరంలో ఉంటాయి. డాబా మీద ట్యాంకర్ల లెక్కలో చూస్తే వాటి మధ్య తేడా వీధి మునగడానికీ మునగకపోవడానికీ ఉన్నంత.

"వందేళ్లకోసారి వచ్చే వరద" సంగతీ అంతే. వింటే, ఒకసారి వచ్చింది కనుక ఇక మనవల కాలం దాకా నిశ్చింత అనిపిస్తుంది. దాని అసలు అర్థం ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉందని. 30 ఏళ్ల ఇంటి రుణం తీరేలోపు అలాంటి వరద ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26.

లోటు ఎవరిది

దీని వెనక ఒక పెద్ద చర్చ ఉంది. జనానికి సైన్సు తెలియదు, తెలియని చోట తెలిసినవాడు పోస్తే నిండుతుంది, నిండితే జనం సైన్సును నమ్ముతారు. ఈ ఆలోచనకు విమర్శకులు పెట్టిన పేరు లోటు నమూనా. 1985లో బ్రిటన్ రాయల్ సొసైటీ, సైన్సును ప్రజలకు అర్థమయ్యేలా చెప్పడం శాస్త్రవేత్తల బాధ్యతేనని నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది, 1986లో, చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం జరిగింది. రేడియోధార్మిక వాన ఇంగ్లండులోని కంబ్రియా కొండల మీద పడింది. అక్కడి గొర్రెల అమ్మకం మీద నిషేధం పెట్టి, మూడు వారాల్లో సర్దుకుంటుందని నిపుణులు చెప్పారు. వాళ్ల అంచనా, ఆ వానతో వచ్చిన రేడియోధార్మిక సీసియం బంకమట్టి నేలల్లో ఎలా ఉంటుందన్న దాని మీద నడిచింది. కొండల మీది పీట్ నేలల్లో, అంటే సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న నేలల్లో, అది మట్టికి అతుక్కోకుండా గడ్డిలోకి, గొర్రెల్లోకి తిరుగుతూనే ఉంది. చివరి ఆంక్షలు తొలగింది 2012లో. ఆ రైతులతో మాట్లాడిన సామాజిక శాస్త్రవేత్త బ్రయాన్ విన్ తేల్చింది ఏమిటంటే, రైతులకు తమ నేల, తమ గొర్రెల మేత గురించి నిపుణులకు లేని జ్ఞానం ఉంది, ఎవరూ అడగలేదు. లోటు రెండు వైపులా ఉంది.

లోటు నమూనాను తిట్టడం ఇప్పుడు ఫ్యాషను. నాకు అంత దూరం వెళ్లాలని లేదు. క్యూసెక్కు తెలియకపోవడం లోటే, చెబితే తీరుతుంది. కొన్నిసార్లు మనిషికి కావాల్సింది అచ్చంగా సమాచారమే, సంభాషణ కాదు.

వరదకు ఒక్క విలన్ చాలడు

కథ చెయ్యలేని పని ఒకటుంది. కారణాలు నాలుగైదు ఉన్న సంగతిని అది నాలుగైదుగా ఉంచలేదు. బుడమేరు ముంపు దీనికి మంచి ఉదాహరణ. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విపరీతమైన వాన పడింది. బుడమేరు నీటిని కొల్లేరు వైపు పోనివ్వకుండా కృష్ణలోకి మళ్లించే కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. ఆ కాలువ కలిసేది బ్యారేజీకి ఎగువన. అదే సమయంలో కృష్ణే నిండుగా ఉంటే కాలువ నీరు తేలిగ్గా దిగదు. వాగు పాత దారిలో ఇళ్లు, కాలనీలు లేచాయి. వీటిలో ఒక్కటి తగ్గినా ముంపు ఎంత తగ్గేదో తేల్చడానికి లెక్కలు కావాలి, ఆ లెక్కల మీద నిపుణుల్లోనే భేదాలు ఉంటాయి.

కథకు ఇది రుచించదు. దానికి కళ్లకు కట్టే దోషి కావాలి. ఆ రోజుల్లో బ్యారేజీకి కొట్టుకొచ్చి గేట్లకు తూకంగా ఉండే కౌంటర్ వెయిట్లను ఢీకొన్న పడవలు సరిగ్గా అలాంటివి. బొమ్మ ఉంది, శబ్దం ఉంది, వెనక రాజకీయ తగాదా ఉంది. ఆ పడవల వల్ల బ్యారేజీకి జరిగిన నష్టం నిజం. సింగ్ నగర్‌ను ముంచింది మాత్రం బుడమేరు. అయినా మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఈనాటికీ ఆ రెండు సంగతులూ ఒకే కథగా నడుస్తున్నాయి. వరస కుదిరిన రెండు సంఘటనల మధ్య "అందుకని" దానంతట అదే వచ్చి కూర్చుంటుంది.

సైన్సులో కథ వద్దనేవాళ్ల బలమైన వాదన ఇదే. మెలనీ గ్రీన్, తిమొతీ బ్రాక్ 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో, కథలో లీనమైన పాఠకులు అందులోని పొరపాట్లను తక్కువగా పట్టుకున్నారు, వాళ్ల అభిప్రాయాలు కథ వైపు ఎక్కువగా జరిగాయి. కథ నిజమని చెప్పినా, కల్పితమని చెప్పినా ఫలితంలో పెద్ద తేడా లేదు. అంటే కథ ఒప్పించే సాధనం, ఒప్పు తప్పుల తేడా దానికి తెలియదు. టీకా గురించి నిజం చెప్పే కథ ఎంత బలంగా నాటుకుంటుందో, టీకా వికటించిందన్న అబద్ధం కథా అంతే బలంగా నాటుకుంటుంది.

అవతలి వాదనా తేలికైంది కాదు. మైకేల్ డాల్‌స్ట్రమ్ 2014లో రాసిన సమీక్షలో కథారూపంలో ఉన్నది నిపుణులు కానివాళ్లకు తేలిగ్గా అర్థమవుతుందని, ఆసక్తిగా ఉంటుందని చెబుతూనే, దానికున్న ఒప్పించే శక్తిని ఎప్పుడు వాడవచ్చన్న నైతిక ప్రశ్ననూ లేవనెత్తాడు. జనం సైన్సును ఎలాగూ కథలుగానే వింటున్నారు. మనం మానేస్తే కథలు ఆగవు, చెప్పేవాళ్లు మారతారు.

మూడో ఆక్షేపణ పాడ్‌కాస్టుకే ప్రత్యేకం. వెతికి, నొక్కి, అరగంట వినేవాడికి ఆ విషయం మీద అప్పటికే ఇష్టం ఉంటుంది. పూత రాలుతున్న తోటలో నిలబడ్డ రైతు అప్పుడు పాడ్‌కాస్టు వెతకడు. పక్క చేను రైతుకో, మందుల దుకాణానికో ఫోను చేస్తాడు. ఎంతమంది విన్నారన్న అంకె ఎంతమందికి అర్థమైందో చెప్పదు. విన్నవాడిని ఇంట్లోవాళ్లకు మళ్లీ చెప్పమని అడిగి, ఏం జారిందో, ఏం అదనంగా చేరిందో చూస్తే కొంత తెలుస్తుంది. అది చేసేవాళ్లు తక్కువ.

నావరకు ఈ తగవు కథ కావాలా వద్దా అన్న చోట కాకుండా, ఆపి అడిగేవాడు ఉన్నాడా లేడా అన్న చోట తేలుతుంది. పడవల కథ నడుస్తుండగా "ఆ పడవలు ఎక్కడున్నాయి, సింగ్ నగర్ ఎక్కడుంది?" అని వంత ఒక్క మాట అంటే కథ ఆగదు, దారి మాత్రం సరిచేసుకుంటుంది. బుడమేరుకు నాలుగు కారణాలు ఉన్నాయంటే, నాలుగుసార్లు "అదొక్కటేనా?" అని అడిగేవాడు పక్కన ఉంటే చాలు.

మొన్న పిన్నికి క్యూసెక్కుల సంగతి గుర్తుందా అని అడిగాను. "ఏదో ముప్పావు గంట అన్నావు" అంది. అది ఆ రోజు చెప్పలేదు, ఈ వ్యాసం కోసం లెక్క కట్టి పోయిన వారం చెప్పాను. గోడ సంగతి అడిగితే మాత్రం తడుముకోలేదు. నా ఫోను పెట్టేశాక తలుపు తీసుకుని వెళ్లి గోడ దగ్గర నిలబడిందట. నదివైపు ఇంకా ఎన్ని మెట్లు పొడిగా ఉన్నాయో గంట గంటకూ లెక్కపెట్టి వచ్చిందట.